ఆగస్టు 31న మన వీధిలో ఓవర్‌డోస్ అవగాహన సభ ఎలా జరపాలి

మత్తుపదార్థం మోతాదు మించి మనిషి పడిపోయిన ఇంట్లో ముందుగా మూసుకునేది వీధి తలుపు. ఆ తర్వాత ఫోను చేసినా 108కి చేయరు. నోరు జారడని నమ్మకమున్న బంధువుకు చేస్తారు. అలా పరువు కోసం పోయే నిమిషాలను వెనక్కి తేవడమే అవగాహన సభ చేయవలసిన పని అని నా అభిప్రాయం. 2001లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో మొదలైన అంతర్జాతీయ ఓవర్‌డోస్ అవగాహన దినాన్ని ఏటా ఆగస్టు 31న పాటిస్తారు కనుక విశాఖపట్నంలోనూ సభకు ఆ తేదీ అనువుగా ఉంటుంది.

చోటు ఎంపికలో జాగ్రత్త పడాలి. బీచ్ రోడ్డులో కొవ్వొత్తుల ర్యాలీ ఫొటోలకు బాగుంటుంది గాని, కొడుకు మత్తు ఇంజెక్షన్లకు అలవాటుపడిన తల్లి ఆ ర్యాలీలో నడవదు. గాజువాకలోనో జాలరిపేటలోనో ఒక సామాజిక భవనం, మధ్యాహ్నం పూట, డ్వాక్రా సంఘాల సమావేశానికి కొనసాగింపుగా అయితే ఆమె వస్తుంది, ఎందుకు వచ్చావని అడిగేవారు ఉండరు. చవితి నవరాత్రులు అదే వారంలో పడిన ఏడాది మండపం మైకులో పది నిమిషాలు అడిగి తీసుకోవచ్చు.

పోస్టరు మీద పుర్రె బొమ్మ, సూది బొమ్మ వేయకూడదు. "గంజాయి బ్యాచ్", "తాగుబోతు" వంటి మాటలు వేదిక మీద ఎవరి నోటా రాకుండా వక్తలకు ముందే చెప్పాలి. "మత్తుకు అలవాటుపడిన వ్యక్తి" అన్న మాట కొంచెం పొడుగైనా అందులో మనిషి మిగులుతాడు. ఫోను నంబర్లన్నిటినీ కూడా ఒకే కాగితం మీద కలిపి ముద్రించరాదు. చికిత్స, కౌన్సెలింగ్ కోసం 14446, మానసిక సమస్యలకు టెలిమానస్ 14416, ప్రాణం మీదికి వస్తే 108 చాలు. మత్తుపదార్థాల రవాణాపై సమాచారం ఇవ్వడానికి రాష్ట్ర పోలీసుల మత్తుపదార్థాల నిరోధక విభాగం ఈగల్ నడిపే 1972 నంబరు అవసరమైనదే అయినా, అది ఇదే కాగితం మీద కనిపిస్తే మిగిలిన మూడింటికీ ఫోను చేయడానికి కుటుంబాలు భయపడతాయి.

సభలో సగం సమయం గుర్తుపట్టడం నేర్పడానికే కేటాయించాలి. మన దగ్గర డ్రగ్స్ అనగానే అందరికీ గంజాయి గుర్తుకు వస్తుంది, కానీ గంజాయి ఒక్కదానివల్ల ఊపిరి ఆగి చనిపోవడం చాలా అరుదు. ఊపిరిని ఆపేవి హెరాయిన్, నల్లమందు జాతి నొప్పి మందులు. వాటికి నిద్రమాత్రలు గాని మద్యం గాని తోడైతే ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుంది. డీఅడిక్షన్ కేంద్రం నుంచో జైలు నుంచో వచ్చినవారు పాత మోతాదే మళ్లీ తీసుకున్నా, శరీరం ఆ అలవాటు తప్పి ఉంటుంది కనుక తట్టుకోలేదు.

ఒక సభలో ఒక తల్లి చెప్పిన మాట నన్ను ఇప్పటికీ వదలదు: "గురక పెడుతున్నాడు, అలిసిపోయి పడుకున్నాడనుకొని ఫ్యాను పెంచాను." ఆ గురక ఎలా ఉంటుందో వివరించి చెప్పాలి. అది గొంతులో నీళ్లు మరిగినట్టు గరగరలాడుతుంది, ఒక శ్వాసకూ మరో శ్వాసకూ మధ్య చాలాసేపు ఎడం ఉంటుంది, పెదవులూ గోళ్లూ నీలంగానో బూడిద రంగులోనో మారతాయి, కనుపాపలు సూదిమొనంత అవుతాయి, రొమ్ము ఎముక మీద పిడికిలి కణుపులతో గట్టిగా రుద్దినా మనిషి కదలడు.

వెంటనే 108కి ఫోను చేసి, మనిషి శ్వాస సరిగా తీసుకోవడం లేదని మొదట చెప్పాలి. ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పి, పై కాలు మోకాలి దగ్గర మడిచి, చేతిని చెంప కింద ఉంచాలి. మజ్జిగ, నిమ్మరసం, ఉప్పునీళ్లు పోయకూడదు, వాంతి చేయించకూడదు, ఒంటరిగా వదలకూడదు. ఊపిరి ఆగితే ఏం చేయాలో శిక్షణ పొందిన నర్సు చేత బొమ్మ మీద చూపించాలి. నల్లమందు జాతి మందుల ప్రభావాన్ని విరిచే నాలోక్సోన్ కొద్ది నిమిషాల్లో పనిచేస్తుంది గాని, దాని ప్రభావం సాధారణంగా గంట, గంటన్నరలోపే తగ్గిపోతుంది. కాబట్టి లేచి కూర్చున్నాడని ఆసుపత్రి నుంచి తీసుకువచ్చేయకూడదు.

పోలీసు కేసు భయం తప్పక చర్చకు వస్తుంది. మత్తుపదార్థాల నేరాలకు సంబంధించిన 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఏ సెక్షను, వాడకం లేదా స్వల్ప పరిమాణానికి సంబంధించిన కేసులో ఉన్న వ్యసనపరుడు స్వచ్ఛందంగా గుర్తింపు పొందిన చోట చికిత్స తీసుకుంటే ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపునిస్తుంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ మినహాయింపు పోవచ్చు. 108కి ఫోను చేసినవారందరికీ ఇది వర్తిస్తుందని ఉత్సాహంలో చెప్పకూడదు. ఒక్క తప్పుడు హామీ బయటపడితే వచ్చే ఏడాది మీ సభకు ఎవరూ రారు.

కుర్చీలు తీసుకువెళ్లడానికి టెంట్ హౌస్ వాళ్లను అరగంట ఆలస్యంగా రమ్మనాలి. అసలు ప్రశ్నలు అడగదలచినవారు అందరూ వెళ్లేదాకా చెప్పులు వెతుక్కుంటున్నట్టు గుమ్మం దగ్గర నిలబడి ఉంటారు.