ఆకూ గుడ్డూ – మూడో పాఠం: గంగవాయిలాకు పొరటు

పోయిన పాఠంలో చెంచలాకును నేరుగా గుడ్డుసొనలో కలిపి అట్టు వేశాం. గంగవాయిలితో ఆ పని చేయొద్దు. ఆకు నిండా నీళ్లే. చేసి చూశాను కాబట్టి చెబుతున్నా. మా అవ్వ బాణలిలోకి తొంగి చూసి, "గుడ్డు ఏసినావా, గంజి కాసినావా?" అనింది.

ముందు ఆకు సంగతి. కళ్యాణదుర్గం వైపు చీనీ తోటల్లో డ్రిప్పు పైపు కారేచోట నేలబారుగా పాకి ఉంటుంది. కాడ నున్నగా, ఎర్రటి చాయతో ఉంటుంది. ఆకు చిన్నదే అయినా దళసరి. ఎండెక్కాక పసుప్పచ్చ పూలు విచ్చుకుంటాయి. దీని పక్కనే నానబాలు లాంటి పాలమొక్కలు కూడా పాకుతాయి, అవి కూరకు పనికిరావు. కాడ తుంచి చూడండి. తెల్లటి పాలు కారితే పారేయండి, గంగవాయిలికి నీళ్లలాంటి రసమే వస్తుంది. రెండూ అల్లుకుని పెరుగుతాయి కాబట్టి ఒక్క కాడ చూసి గుప్పెడు పీకొద్దు. కలుపుమందు కొట్టారేమో తోటాయన్ని అడగండి. అడగడానికి మొహమాటమైతే ఆ పూటకు వంకాయ వండుకోండి.

నీళ్లు కరువైతే ఈ మొక్క రాత్రిపూట గాలి పీల్చుకుని పులుపుగా దాచుకుంటుంది, పగలు దాన్ని వాడుకుంటుంది. అందుకే ఎండకాలం తెల్లవారి కోసిన ఆకు పుల్లగా ఉంటుంది, సాయంత్రానికి ఆ పులుపు తగ్గుతుంది. చింతపండు, టమోటా రెండూ వద్దు. ఈ ఆకులో రాళ్లు కట్టించే ఆక్జలేట్లనే లవణాలు ఎక్కువ కాబట్టి కిడ్నీలో రాళ్లున్నవాళ్లు ఈ పాఠం వదిలేయండి.

ఇద్దరికి రెండు గుప్పిళ్ల ఆకు, మూడు గుడ్లు, ఒక ఎర్రగడ్డ, నాలుగు పచ్చిమిరపకాయలు, నాలుగు తెల్లగడ్డ రెబ్బలు. ఆకును ఇసుక పోయేదాకా కడిగి గుడ్డమీద ఆరబెట్టండి. రెండు స్పూన్ల శెనక్కాయ నూనెలో తెల్లగడ్డ, మిరపకాయ, ఎర్రగడ్డ వేగాక ఆకు వేయండి. మూత పెట్టొద్దు. ఉప్పు కూడా ఇప్పుడే వద్దు. గుట్టను చూసి వేస్తే, అది పిడికెడయ్యాక నోట పెట్టలేరు.

మొదట బుసబుసమంటుంది, నీళ్లు ఇగిరేకొద్దీ చిటపట మొదలవుతుంది. గరిటెతో మధ్యలో ఒక దారి గీయండి. ఆ దారిలోకి నీళ్లు ఊరితే ఇంకా కాలేదు. పొడిగా నిలిస్తే ఉప్పు వేసి, సెగ తగ్గించి, గుడ్లు కొట్టి పోయండి. ఇరవై లెక్కపెట్టేదాకా గరిటె ముట్టొద్దు. తెల్లసొన 60 డిగ్రీలు దాటగానే గట్టిపడటం మొదలవుతుంది, పచ్చసొనకు ఇంకాస్త వేడి చాలు. పెద్దమంట పెడితే గుడ్డు రబ్బరులా బిగిసి తనలోని నీళ్లు కక్కుతుంది, మళ్లీ గంజే. పచ్చిసొన ఎక్కడా కనపడకుండా మెల్లగా కలిపి దించండి.

జొన్నరొట్టెలోకి ఇది చాలు. సంగటిలోకైతే పక్కన ఊరిబిండి పచ్చడి ఉండాల్సిందే.

వచ్చే పాఠం గురుగాకు. చేనిగట్టున ఎక్కడుందో ఇప్పుడే చూసిపెట్టుకోండి, తెల్లకంకులు రాకముందే కోయాలి.