హిమాలయన్ పిల్లి: రంగు ఎలా వచ్చింది, వంశపత్రం ఎలా చదవాలి

పేరు చూసి హిమాలయాల్లో పుట్టిందనుకోకండి. ముక్కు, చెవులు, తోక నల్లగా ఉండే హిమాలయన్ కుందేలు రంగును బట్టి ఆ పేరొచ్చింది. 1930ల్లో అమెరికాలోని హార్వర్డ్‌లో క్లైడ్ కీలర్, వర్జీనియా కాబ్ ముదురు కొసల సయామీస్ పిల్లిని, పొడవు బొచ్చు పర్షియన్ పిల్లిని కలిపి ఈ రంగుకు పొడవాటి బొచ్చు తెచ్చారు. 1957లో అమెరికాలో పిల్లి జాతుల్ని నమోదు చేసే సీఎఫ్ఏ సంస్థ దీన్ని గుర్తించింది.

అసలు చిక్కు జన్యువుల్లో ఉంది. పొడవు బొచ్చు, ముదురు కొసలు రెండూ అంతర్గత లక్షణాలే. ప్రతి లక్షణానికీ తల్లి నుంచి ఒక జన్యువు, తండ్రి నుంచి ఒక జన్యువు వస్తేనే బయటపడతాయి. అందుకే తొలి తరంలో అన్నీ పొట్టి బొచ్చువే, ముదురు కొసలూ ఉండవు. ఆ తరం పిల్లుల్నే తమలో తాము జతకట్టిస్తే సగటున 16 కూనల్లో ఒక్కదానికే రెండూ కలుస్తాయి. ఆ తర్వాత కూడా మూతి సయామీస్‌లా కోలగానే ఉంటుంది కాబట్టి మళ్లీ మళ్లీ చదును మూతి పర్షియన్‌తో కలపాల్సిందే. వంశపత్రంలో ఒకే రంగు పర్షియన్లు కనబడితే కంగారు పడకండి, ఉండాల్సినవే.

కూనను పుట్టగానే ఎంచుకోవద్దు. కడుపులోని వెచ్చదనం వల్ల ఒళ్లంతా తెల్లగా పుడుతుంది. కొద్ది రోజులకు చెవి అంచున మసి అంటినట్టు మొదలవుతుంది. కళ్లు నీలంగానే ఉండాలి. రాగి రంగు కళ్లుంటే అది హిమాలయన్ కాదు. తల్లిదండ్రులిద్దరికీ పీకేడీ డీఎన్ఏ పరీక్ష ఫలితం తప్పక అడగండి: పర్షియన్ల నుంచి వచ్చిన ఈ మూత్రపిండాల జబ్బుకు ఒక్కరి జన్యువు చాలు.