నూటికి మూడు రూపాయల వడ్డీ నుంచి బయటపడిన తీరు

ఆడపడుచు పెళ్లికి చీపురుపల్లిలో ప్రామిసరీ నోటు మీద తెచ్చిన రెండు లక్షలకు నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి 36 శాతం, పెరుగుతుండగా, మా ఇంట్లో తగవు మాత్రం ఆ అప్పు ఎవరు తీర్చాలన్న దాని చుట్టూనే తిరిగేది. అత్తయ్యగారినీ, బావగారినీ, తోటికోడలినీ కూర్చోబెట్టి, నెలకు ఆరు వేలు కేవలం వడ్డీకే పోతున్నాయని లెక్క వేసి చూపించాను. అంకెలు కళ్లబడ్డాక మాటల వేడి తగ్గింది. నా గొలుసు, గాజులు బ్యాంకులో తాకట్టు పెట్టి, నోటు వడ్డీలో మూడో వంతు వడ్డీకే వచ్చిన సొమ్ముతో నోటు బాకీ తీర్చాము. డబ్బు చేతికిచ్చేటప్పుడే నోటు వెనుక చెల్లు రాయించి, దానిని వెనక్కి తీసుకోవాలి. ఇందులో మొహమాటం పనికిరాదు. బ్యాంకు బాకీని బావగారూ మేమూ చెరిసగం కడుతున్నాము. రసీదులన్నీ తోటికోడలి దగ్గరే ఉంటాయి.