దేశంకాని దేశంలో చిక్కొస్తే

తిరుపతి బస్టాండు దగ్గర నాది చిన్న నెట్ సెంటర్. పాస్‌పోర్టు అప్లికేషన్లు, టికెట్ ప్రింట్లు, జిరాక్సులు. కువైట్‌కో అమెరికాకో పోయేముందు అందరూ నవ్వుకుంటూనే వస్తారు. ఆ తర్వాత ఏదైనా జరిగితే వాళ్ల అమ్మో భార్యో పరుగెత్తుకొస్తారు. నేను మొదట అడిగేది ఒకటే: "పాస్‌పోర్టు జిరాక్స్ ఉందామ్మా?" చాలా ఇళ్లలో ఉండదు. ఉన్న ఒక్క ఫోటో వెళ్లినవాడి ఫోన్‌లోనే ఉంటుంది, ఆ ఫోనేమో కలవదు. అక్కడి చిక్కు విప్పే కొస ఇక్కడి బీరువాలో ఉండాలని అందుకే అంటాను.

"పాస్‌పోర్టు పోయింది"

ముందు అక్కడి పోలీసుల దగ్గర రిపోర్టు తీసుకోవాలి. ఆ కాగితం, పాస్‌పోర్టు కాపీ, ఫోటోలు పట్టుకుని భారత ఎంబసీకి పోవాలి. వెంటనే ఇంటికి రావాల్సివుంటే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు. అది ఇండియాకి రావడానికి మాత్రమే, మళ్లీ పోవడానికి పనికిరాదు. అక్కడే ఉండి పనిచేసుకోవాలంటే ఎంబసీలోనే కొత్త పాస్‌పోర్టుకి దరఖాస్తు పెట్టాలి. వీసా పాత పాస్‌పోర్టు మీదే ఉంటే ఆ పేజీ కాపీ కూడా ఇంట్లో ఉండాలి.

ఒక మాట. పోయిందని రాయించే ముందు సూట్‌కేసు అడుగు, కారు సీటు కింద ఇంకోసారి వెతకండి. ఒకసారి పోయిందని నమోదైతే తర్వాత దొరికినా దానితో ప్రయాణం చేయకూడదు.

"పాస్‌పోర్టు కఫీల్ దగ్గరుంది, ఇవ్వడంలేదు"

కఫీల్ అంటే గల్ఫ్‌లో వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని. ఇది పోవడం కాదు, కాబట్టి మందు కూడా వేరే. కువైట్‌లో 2015లో ఇంటిపనివాళ్ల కోసం వచ్చిన చట్టం ప్రకారం, పనివాళ్లకి ఇష్టం లేకుండా యజమాని పాస్‌పోర్టు పెట్టుకోకూడదు. కాగితం మీద అట్లుంది, ఇళ్లల్లో వేరే జరుగుతుంది. అక్కడ మనవాళ్లు చేసే తప్పు ఒకటుంది: ఓర్చుకోలేక రాత్రికి రాత్రి ఇల్లు దాటేస్తారు. అప్పుడు కఫీల్ పోయి పనిమనిషి పారిపోయిందని కేసు పెడతాడు, తప్పు ఆమె మీదికే తిరుగుతుంది. కొడుతుంటే, ప్రాణానికే ముప్పుంటే ఆగమని చెప్పను, నేరుగా ఎంబసీకే పోవాలి. అంత ముప్పు లేకుంటే బయటికి రాకముందే ఎంబసీకి ఫోన్‌లో చెప్పాలి, ఇక్కడ ఇంటివాళ్లు ఫిర్యాదు పెట్టాలి, ఎక్కడో చివర్లో చెప్పాను. బతాకా, అంటే కువైట్ గుర్తింపు కార్డు, రెండువైపులా ఫోటో తీసి ఇంటికి పంపివుంటే సగం పని అయినట్లే.

అసలు కారణం చాలాసార్లు ఏజెంటు దగ్గరే మొదలవుతుంది. "విజిట్ వీసా మీద పంపిస్తాం, పోయినాక మారుస్తాం" అంటాడు. పదో తరగతి పాసుకానివాళ్ల పాస్‌పోర్టు మామూలుగా ఈసీఆర్ రకం, అంటే పనికి పోయేముందు ప్రభుత్వ అనుమతి కావాల్సింది. గల్ఫ్‌కి పనికి పోవాలంటే ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఆ అనుమతి, దాంతోపాటు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉండాలి. రెండేళ్లకి 275 రూపాయలు కడితే ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షల బీమా. విజిట్ వీసా మీద పోతే ఈ అనుమతీ లేదు, బీమా లేదు, జీతం రాసిన కాంట్రాక్టూ లేదు.

"ఎయిర్‌పోర్టులో పొడి డబ్బా పట్టుకున్నారు"

చెనిక్కాయల పొడితో చిక్కు లేదు. గసగసాలతోనే. మన మటన్ కూరకి అది మామూలు దినుసు, కానీ నల్లమందు వచ్చేదీ ఆ మొక్క నుంచే. సౌదీ, యూఏఈ, సింగపూర్‌లో గసగసాలు నిషేధం. అమ్మ ప్రేమగా కొట్టి కట్టిన మసాలాలో ఒక గుప్పెడున్నా తంటానే. నొప్పికి వేసుకునే ట్రమడాల్ మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందు కూడా ఇట్లాంటివే. అవి తప్పనిసరైతే డాక్టరు చీటీ, మందుల షాపు బిల్లు, విప్పని స్ట్రిప్పులు ఉండాలి. యూఏఈకైతే వాళ్ల ప్రభుత్వ అనుమతి ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి.

"మా అబ్బోడికి ఈ పార్సిల్ ఇచ్చేయన్నా" అంటే మొహమాటపడకండి. విప్పి చూపించమనండి, లేదంటే వద్దనండి.

పట్టుకుంటే అర్థంకాని కాగితం మీద సంతకం పెట్టొద్దు. మా ఎంబసీకి చెప్పండని అడగడం మన హక్కు, 1963 నాటి వియన్నా ఒప్పందంలోనే ఉంది.

"కార్డు పనిచేయలేదు, ఓటీపీ రాలేదు"

కార్డు చెడిపోలేదు. 2020 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం మన కార్డులు మొదట్లో దేశంలోపల మాత్రమే పనిచేస్తాయి. బ్యాంకు యాప్‌లో విదేశీ వాడకం ఆన్ చేసుకోవాలి. ఓటీపీ మన సిమ్‌కి వస్తుంది, దానికి రోమింగ్ లేకపోతే రాదు. చెన్నైలో విమానమెక్కేముందే ఈ రెండూ చూసుకోండి. కొంచెం ఆ దేశపు నోట్లు జేబులో వేరుగా పెట్టుకోండి.

"నాయన అక్కడ పడిపోయినాడు"

కూతురి పురిటికి అమెరికా పోయే పెద్దవాళ్ల ఇళ్లల్లో ఇది ఎక్కువ. అక్కడ 911, కువైట్‌లో, యూరప్‌లో 112, యూఏఈలో అంబులెన్సుకి 998. అమెరికా ఎమర్జెన్సీ వార్డులో డబ్బుల కోసం ఆగకుండా ముందు చూడాలని 1986 నుంచి చట్టం ఉంది, బిల్లు మాత్రం తర్వాత కచ్చితంగా వస్తుంది. ఇన్సూరెన్స్ కట్టి కూడా డబ్బు రాకపోతే, బీపీ, షుగర్ దాచిపెట్టారేమో చూడండి. ప్రీమియం తగ్గుతుందని ఫారంలో "లేదు" అని టిక్ పెట్టించే పిల్లలుంటారు. నా కౌంటర్ దగ్గరే చూశాను. ఉన్నది ఉన్నట్టు రాయండి. మాత్రల పేర్లు, లోపలున్న అసలు మందు పేరుతో సహా, ఒక చీటీలో రాసి పర్సులో పెట్టండి.

"పెట్టె రాలేదు"

ఎయిర్‌పోర్టు దాటకముందే విమానం కంపెనీ కౌంటర్‌లో ఫిర్యాదు రాయించి ఆ కాగితం తీసుకోండి. ట్యాగు చించేయొద్దు. మందులు పెట్టెలో కాదు, చేతిసంచిలో.

"వారం నుంచి ఫోన్ లేదు"

విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఇక్కడినుంచే ఫిర్యాదు పెట్టొచ్చు, అది ఆ దేశంలోని మన ఎంబసీకి పోతుంది. పాస్‌పోర్టు నంబరు, కఫీల్ పేరు, ఫోన్, ఏ ఏరియాలో ఉంటారో కావాలి. ఒక ఫిర్యాదు నంబరు ఇస్తుంది, అది రాసిపెట్టుకోండి. ఎక్కడిదాకా వచ్చిందో దానితోనే తెలుస్తుంది. చూడడం రాకపోతే ఆ చీటీ పట్టుకుని దగ్గర్లోని నెట్ సెంటర్‌కి పోండి.