గింప్‌లో సీతాకోకచిలుక బొమ్మ: ఎక్కడ చెడింది, ఎందుకు చెడింది

శుభలేఖ మూలకో, పుట్టినరోజు ఫ్లెక్సీకో, కప్పు మీద ప్రింటుకో సీతాకోకచిలుక కావాలంటే గింప్ (ఉచితంగా దొరికే బొమ్మల సాఫ్ట్‌వేర్) చాలు. ఒక పక్క రెక్కలు గీసి రెండో పక్కకు తిప్పేస్తే అయిపోయే పనే. కానీ ఏది ముందు, ఏది తర్వాత అన్న వరస తప్పితే ఆ తిప్పడం దగ్గరే తంటాలు మొదలవుతాయి.

కింద చెప్పినవన్నీ గింప్ 2.10 మెనూల ప్రకారం. 3.0లో కొన్ని పేర్లు కాస్త మారాయి, పద్ధతి అదే. కాన్వాస్ 2400 × 2400 పిక్సెళ్లు, రిజల్యూషన్ 300 (అంగుళానికి 300 పిక్సెళ్లు). లేయర్లు (ఒకదాని మీద ఒకటి ఉండే పొరలు) పైనుంచి కిందకి: ఒళ్లు, గీతలు, రంగు. ఇమేజ్ → గైడ్స్ → న్యూ గైడ్ బై పర్సెంట్‌లో వర్టికల్, 50 ఇస్తే నట్టనడుమ నిలువు గైడ్ (కొలతకు మాత్రమే వాడే సాయపు గీత) పడుతుంది. ఎడమ రెక్కలు దాన్ని ఆనుకుని గీయాలి.

రెక్కను తిప్పితే కుడివైపు పోకుండా ఉన్నచోటే ఉంది

ఫ్లిప్ హారిజాంటలీ లేయర్‌ను దాని సొంత నడిమధ్య చుట్టూ తిప్పుతుంది, కాన్వాస్ మధ్య చుట్టూ కాదు. రెక్క లేయర్ చుట్టూ పసుపు చుక్కల గీత చిన్న డబ్బాలా కనిపిస్తోందంటే కారణం అదే. లేయర్ → లేయర్ టు ఇమేజ్ సైజ్ నొక్కండి. ఆ తర్వాత షిఫ్ట్+కంట్రోల్+డి తో నకలు తీసి, నకలును లేయర్ → ట్రాన్స్‌ఫార్మ్ → ఫ్లిప్ హారిజాంటలీ చేయండి. రెక్క గైడ్‌కు అవతల సరిగ్గా కూర్చుంటుంది. గీతల లేయర్, రంగు లేయర్ రెండింటికీ ఇది చేయాలి. ఒకటి మరిచిపోతే కుడి రెక్కకు గీతలుండి రంగుండదు.

చేత్తో జరిపి అతికించే పని పెట్టుకోవద్దు. ఒకటి రెండు పిక్సెళ్ల తేడా తెర మీద కనిపించదు, ప్రింటులో బయటపడుతుంది.

రెండు రెక్కల మధ్య సన్నటి తెల్ల గీత

రెక్క అంచు నున్నగా కనిపించడానికి గింప్ చివరి పిక్సెళ్లను సగం పారదర్శకంగా పెడుతుంది. అలాంటి రెండు అంచులు గైడ్ దగ్గర కలిస్తే వెనకాల ఉన్నది తొంగిచూస్తుంది. రెక్క మొదలును గైడ్ దాటి 4–5 పిక్సెళ్లు అవతలికి గీసి, ఆ తర్వాత తిప్పండి. అతుకును పై లేయర్‌లోని ఒళ్లు ఎలాగూ కప్పేస్తుంది.

రంగు పోస్తే రెక్కంతా నిండిపోతోంది, లేదా గీత పక్కన తెల్ల చుక్కలు మిగులుతున్నాయి

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. ఇవి రెండు వేర్వేరు జబ్బులు, మందులూ వేరు.

రంగు పక్క గడిలోకి కారిపోతోందంటే రెక్కలోని ఈనె గీత ఎక్కడో తెగి ఉంది. 400 శాతం జూమ్‌లో చూస్తే దొరుకుతుంది. తెగిన చోట్లు చాలా ఉంటే బకెట్ ఫిల్ ఆప్షన్లలో ఫిల్ బై లైన్ ఆర్ట్ డిటెక్షన్ ఎంచుకోండి. రంగు లేయర్ మీద ఉండి, సోర్స్‌గా పైన ఉన్న లేయర్‌ను ఇవ్వండి. మ్యాగ్జిమమ్ గ్యాప్ లెంగ్త్ పెంచితే ఆ మేరకు సందులను అదే మూసుకున్నట్టు లెక్కవేస్తుంది. మరీ పెంచితే చిన్న చిన్న గడుల్లోకి రంగు వెళ్లకుండా ఆగిపోతుంది.

తెల్ల చుక్కల సంగతి వేరు. గీత అంచు నలుపు నుంచి మెల్లగా పలచబడుతుంది. బకెట్ ఆ బూడిద పిక్సెళ్లను వేరే రంగనుకుని ముందే ఆగిపోతుంది. థ్రెషోల్డ్ (ఎంత తేడా రంగు దాకా పోయాలన్న హద్దు) పెంచడం అరకొర మందు, ఒక చోట కుదిరితే ఇంకో చోట కారుతుంది. అసలు మందు రంగును గీత కిందకి తోయడమే. ఫజ్జీ సెలెక్ట్ తీసుకుని, శాంపుల్ మెర్జ్‌డ్ టిక్ పెట్టి గడి లోపల నొక్కండి. సెలెక్ట్ → గ్రోలో 2 పిక్సెళ్లు ఇవ్వండి. రంగు లేయర్ మీదకి వచ్చి, బకెట్‌లో ఫిల్ హోల్ సెలెక్షన్ పెట్టి పోయండి. రంగు గీత అడుగుకు చేరుతుంది, చుక్కలు మాయం. గీత కనీసం 6 పిక్సెళ్ల మందం ఉండాలి, లేకపోతే రంగు అవతలికి తేలుతుంది.

కాగితం మీద గీసి ఫోన్‌తో ఫొటో తీసిన బొమ్మయితే ఇంకో మెట్టు ఉంది. కాగితం తెల్లగా కనిపించినా ఫొటోలో బూడిదే. కలర్స్ → లెవెల్స్‌లో కుడి త్రిభుజాన్ని ఎడమకు జరిపి కాగితాన్ని పూర్తి తెలుపు చేసి, అప్పుడు కలర్స్ → కలర్ టు ఆల్ఫాలో తెలుపు ఇవ్వండి. గీతలు మాత్రమే మిగులుతాయి. లెవెల్స్ వదిలేస్తే రెక్క మీద పొగ పట్టినట్టు మసక మిగిలిపోతుంది.

రబ్బరు రుద్దితే తెలుపు పడుతోంది

ఆ లేయర్‌కు ఆల్ఫా ఛానల్ (పారదర్శకతను గుర్తుపెట్టుకునే భాగం) లేదు. లేయర్ → ట్రాన్స్‌పరెన్సీ → యాడ్ ఆల్ఫా ఛానల్.

గీస్తే ఏమీ పడటం లేదు, లేదా రెండు చోట్ల పడుతోంది

ఏమీ పడకపోతే ముందు షిఫ్ట్+కంట్రోల్+ఎ నొక్కండి. ఎక్కడో కంటికి ఆనని చిన్న సెలెక్షన్ మిగిలి ఉంటుంది. అదీ కాకపోతే ఫ్లోటింగ్ సెలెక్షన్ (ఇంకా ఏ లేయర్‌లోనూ కలవని ముక్క) ఉందేమో చూసి కంట్రోల్+హెచ్ తో దించండి. రెండు చోట్ల పడుతుంటే సిమ్మెట్రీ పెయింటింగ్ ఆన్‌లో ఉండిపోయింది. బ్రష్‌తో గీసేవాళ్లకు అది మంచి సదుపాయమే, ఒళ్లు మీద చుక్కలు పెట్టేముందు ఆపాలంతే.

నీడ రెండు పక్కలా పడింది

రెక్కకు నీడ వేసి, ఆ తర్వాత తిప్పారు. ఎడమ రెక్క నీడ కుడికి, కుడి రెక్క నీడ ఎడమకు వచ్చింది, సూర్యుళ్లు ఇద్దరైనట్టు. నీడ అన్నిటికన్నా చివర. లేయర్ → న్యూ ఫ్రమ్ విజిబుల్ తో మొత్తం బొమ్మను ఒక లేయర్‌గా తీసుకుని, దాని మీద ఫిల్టర్స్ → లైట్ అండ్ షాడో → డ్రాప్ షాడో వాడండి. వెనక బ్యాక్‌గ్రౌండ్ లేయర్ ఉంటే ముందు లేయర్ల జాబితాలో దాని కన్ను గుర్తు నొక్కి దాచాలి, లేకపోతే నీడ డబ్బాకు పడుతుంది. రెక్కల మీది మెరుపు కూడా అంతే, తిప్పాకే వేయాలి.

అంతా సరిగానే ఉంది, కానీ దీపం పురుగులా కనిపిస్తోంది

సాఫ్ట్‌వేర్ తప్పు కాదు, బొమ్మ తప్పు. సీతాకోకచిలుక మీసాల కొసన చిన్న గుండు ఉంటుంది. ఈకల్లాంటి మీసాలు పెడితే అది దీపం పురుగే. 6 పిక్సెళ్ల గీత కొసన 14 పిక్సెళ్ల చుక్క పెట్టండి. నాలుగు రెక్కలూ ఒంటి నడిమి భాగం నుంచే రావాలి, పొట్ట నుంచి కాదు. పైనుంచి చూస్తే ముందు రెక్క వెనక రెక్క మీదకి వస్తుంది. రంగులకు నమూనా కావాలంటే జిల్లేడు చెట్ల దగ్గర తిరిగే నారింజ రంగు సీతాకోకచిలుకను చూడండి. నారింజ, నల్ల అంచు, కొసన తెల్ల మచ్చలు. మూడు రంగులతోనే నిండుగా ఉంటుంది.

అచ్చు గుద్దినట్టు బిగుసుకుపోయి ఉంది

రెండు పక్కలూ పూర్తిగా ఒకేలా ఉంటే ఎగురుతున్నట్టు అనిపించదు. కుడి రెక్క గీతల లేయర్‌ను దాని రంగు లేయర్‌కు సరిగ్గా పైకి జరిపి మెర్జ్ డౌన్ చేసి, లేయర్ → క్రాప్ టు కంటెంట్ ఇచ్చి, షిఫ్ట్+టి తో బయటి అంచును లోపలికి లాగి వెడల్పు 65–70 శాతానికి తగ్గించండి. రెక్క మొదలు కదలదు. తర్వాత ఎడమ పక్క లేయర్లను, ఒంటిని కూడా కలిపి ఒక గ్రూప్‌లో పెట్టి, 20 డిగ్రీలు వాల్చండి. వాల్చడం ఒక్కసారే జరగాలి. నచ్చలేదని మళ్లీ మళ్లీ తిప్పితే ప్రతిసారీ పిక్సెళ్లు కలగాపులగమై అంచులు మసకబారతాయి. కంట్రోల్+జెడ్ తో వెనక్కి వచ్చి కొత్త కోణం ఇవ్వండి.

పంపినచోట తెల్ల డబ్బాతో వచ్చింది

జేపీజీలో పారదర్శకత ఉండదు. షిఫ్ట్+కంట్రోల్+ఇ తో పీఎన్‌జీగా ఎక్స్‌పోర్ట్ చేయండి. పీఎన్‌జీ చేసినా డబ్బా వస్తే వాట్సాప్‌లో ఫొటోగా పంపి ఉంటారు, అది జేపీజీగా మార్చేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపాలి. ఎక్స్‌సీఎఫ్ ఫైలు మీ దగ్గరే ఉంచుకోండి, లేయర్లు ఉండేది అందులోనే.

ప్రింటులో మొరటుగా, నీలం చచ్చినట్టుగా వచ్చింది

300 రిజల్యూషన్‌లో 4 అంగుళాల ప్రింటుకు 1200 పిక్సెళ్లు కావాలి. ఇమేజ్ → ప్రింట్ సైజ్‌లో అంకె మార్చినంత మాత్రాన పిక్సెళ్లు పుట్టుకురావు. గీతలను పాత్ టూల్‌తో గీసి ఉంటే పాత్స్ ట్యాబ్‌లో ఎక్స్‌పోర్ట్ పాత్ ఇచ్చి ఎస్‌వీజీ తీసుకోవచ్చు, ఎంత పెంచినా అంచు చెదరదు. దూరం నుంచి చూసే ఫ్లెక్సీకి 72–100 రిజల్యూషన్ సరిపోతుంది.

నీలం సంగతి సిరాది. తెర వెలుతురుతో చూపే మెరుపు నీలాన్ని నాలుగు సిరాల ప్రింటు అందుకోలేదు. అసలు చాలా సీతాకోకచిలుకల నీలం కూడా రంగు కాదు, పొలుసుల నిర్మాణం మీద వెలుతురు ఆడే ఆట. అందుకే ఒకే గాఢ నీలం నింపకుండా మొదలు దగ్గర లేత నీలం, అంచుకు ముదురు నీలం, చివర నలుపు వచ్చేలా గ్రేడియంట్ ఇవ్వండి. పక్కన ముదురు ఉంటేనే లేతది మెరిసినట్టు కనిపిస్తుంది. వంద శుభలేఖలు వేయించే ముందు ఒక్కటి వేయించి పగటి వెలుతురులో చూడండి, ట్యూబ్‌లైటు కింద కాదు.