దొర కాయితాలల్ల మన ముత్తాతను వెతికేదెట్ల

నల్లగొండ, పాలమూరు దిక్కు అప్పు తీరేదాక దొర దగ్గరనే పనిచేసే భాగేలా కింద జీతమున్నోళ్లు, వెట్టి చేసినోళ్లు, దొరల గడిలల్ల ఆడబాపలుగ, అంటే దాసీలుగ బతికినోళ్లు తమ గురించి తాము కాయితం రాసుకోలే, వాళ్లను బడి మొఖం చూడనిస్తే గద రాసేది. అందుకే ముత్తాత పేరొక్కటే పట్టుకొని రికార్డు రూముకు పోతే ఒట్టి చేతులతోని వాపస్ రావాలె. ముందు వెతకాల్సింది ఆయన ఎవరి దగ్గర పనిచేసిండో ఆ దొర పేరు.

అమెరికాల నల్లజాతోళ్లు తమ పెద్దోళ్లను గిట్లనే పట్టుకుంటరు. ఆడ 1850, 1860 జనాభా లెక్కలల్ల బానిసలకు మామూలుగ పేర్లు రాయలే, యజమాని పేరు కింద వయసు, ఆడా మగా, రంగు అంతే. పేరు దొరకాలంటే యజమాని సచ్చిపోయినంక కోర్టుల దాఖలు చేసిన ఆస్తి జాబితా చూడాలె. గుర్రాలు, మంచాలు, నాగండ్లు రాసిన వరుసలనే మనుషుల పేర్లు, పక్కన ధర, తల్లి ఒక వారసుని వాటాకు పోతే బిడ్డ ఇంకొకని వాటాకు. ఆ పేర్లను 1870 లెక్కలతోని కలుపుకుంటరు, విడుదలైనోళ్లందరి పేర్లు రాసింది అప్పుడే. మన దగ్గర కోర్టు జాబితా కాదు గని అప్పు లెక్క, జీతం లెక్క, భూమి లెక్క ఉంటయి, దారి మాత్రం అదే.

ఇంట్ల ముసలోళ్ల నుంచి మొదలుపెట్టుండ్రి. ఏ గడి, ఎవరి పశులు కాసిండు, ఏ బాయి మీద మోట కొట్టిండు, అది రజాకార్ల కంటె ముందా, 1948 పోలీస్ యాక్షన్ తర్వాతనా, గివి అడుగుండ్రి. ఆడబాప సంగతైతే ఇంకోటి కూడ అడగాలె, ఏ దొరసాని పెండ్లికి వచ్చిందని. దొరబిడ్డ అత్తగారింటికి పోతుంటే ఆడబాపను కూడ ఎంట పంపేటోళ్లు, అందుకే ఆమె తల్లిదండ్రుల జాడ మీ ఊర్లె దొరకదు, ఆ దొరసాని పుట్టిన ఊర్లె చూడాలె. నలుగుట్ల మాత్రం అడగొద్దు, మా నాయినమ్మ గడి మాటెత్తితె లేచి బయటికి పోయేది, ఒక్కత్తే ఉన్నప్పుడు పొయ్యికాడ కూసొని చెప్పింది. మాదిగోళ్ల ఇండ్లయితే వాళ్ల కులకథ చెప్పే డక్కలోళ్లను కూడ అడుగుండ్రి, ఇంటిపేర్లు, గోత్రాలు వాళ్లకు నోటికి వస్తయి.

దొర పేరు, ఊరు తెలిసినంక ఆయన సర్వే నంబర్లు పట్టుకోవాలె. ఏ భూమి ఎవరిది, ఎవరు సాగు చేస్తున్నరో రాసిన 1954-55 ఖాస్రా పహాణీ తీయిస్తే పట్టాదారు కాలంల దొర ఉంటడు, సాగు చేసేటోని కాలంల ఒక్కోసారి మనోడు ఉంటడు. 1950 కౌలుదారి చట్టం కింద తయారైన రక్షిత కౌలుదార్ల రిజిస్టర్ కూడ చూడుండ్రి, ఆడ తండ్రి పేరు దొరికితే సగం పని అయినట్టే. చాన మంది పట్టించుకోనిది ఇనాం రిజిస్టర్. ఊరి కొలువుకు బదులు ఇచ్చిన భూములు, అంటే సేత్‌సింధి (ఊరి కావలి), నీరడి (చెరువు నీళ్లు ఇడిసేటోళ్లు), బలోతా (ఊరి చేతిపనులోళ్లు) ఇనాంలు అండ్లనే ఉంటయి, వెట్టి చేసిన కుటుంబాల పేర్లు నాకు అన్నిటికంటె ఎక్కువ కనవడ్డది గీన్లనే. ఈ కొలువు ఇనాంలకు 1955 ఇనాంల రద్దు చట్టం వర్తించలే, వేరే తీరు ఇనాం భూమి అయితే ఆ చట్టం కింద పెట్టుకున్న దరఖాస్తులు కూడ అడుగుండ్రి.

నకలు కోసం సమాచార హక్కు దరఖాస్తు పెట్టుండ్రి, 30 రోజులల్ల జవాబియ్యాలె. నన్ను ఒక ఆఫీసుల లేదు పో అన్నరు, సర్వే నంబరు, ఊరు, ఫసలీ (నిజాం కాలం రెవెన్యూ లెక్క) సంవత్సరం రాసి మళ్ల ఇస్తే అదే కాయితాల బస్త దొరికింది. ఫసలీకి 590 కలిపితే మామూలు సంవత్సరం వస్తది, 1345 ఫసలీ అంటే 1935-36 అన్నట్టు. నిజాం కాలం కాయితాలు ఉర్దూల ఉంటయి, పొట్టి అచ్చులు రాయరు గనుక ముత్తయ్య, మత్తయ్య ఒక్కతీర్గనే కనవడుతరు, ల, ళ తేడా కూడ ఉండదు. పాత రాత చదవొచ్చే ముసలి వకీలు గుమాస్తానో, పాత పట్వారీనో పట్టుకొని ఒక్కో పేరుకు రెండు మూడు తీర్ల రాసుకోండ్రి. గద్వాల, వనపర్తి అసొంటి సంస్థానాలు, జాగీర్లయితే వారసత్వం తేల్చిన విరాసత్ ఫైళ్లు ఉంటయి, జాగీర్లు 1949ల రద్దయినయి గద, తార్నాకల ఉన్న రాష్ట్ర ఆర్కైవ్స్‌ల అడగాలె.

ఇగ గడి లెక్కల పుస్తకాలు. సర్కారు దగ్గర గాదు, గుమాస్తాల వారసుల ఇండ్లల్ల అటకల మీద ఉంటయి, కోపంతోని పోకుండ్రి, ఫోటో తీసుకుంటమని అడిగితే ఇస్తరు. మాకు దొరికినదాంట్ల “జీతగాడు ఎల్లిగాడు” అని ఉన్నది, తండ్రి పేరు లేదు, కింద జొన్నలు 2 కుంచాలు, గొంగడి 1, చెప్పుల జత 1, పెండ్లికి ఇచ్చిన బాకీ, పక్కన నల్లగ అలుక్కపోయిన ఏలుముద్ర. ఇంకొన్ని పేజీలు తిప్పితే అదే బాకీ “ఎల్లిగాని కొడుకు” మీద ఎక్కింది. ఆ ఎల్లిగాడే మా ముత్తాత ఎల్లయ్య, ఆ కొడుకు మా తాత. తండ్రి అప్పు కొడుకుకు ఎక్కిన పేజీ మీకు దొరికిందంటే రెండు తరాలు దొరికినట్టే, నేనైతే దాన్ని పట్టుకొని చాన సేపు కూసున్న. గాడు, గాని తోకలు తీసేసి అసలు పేరు పక్కన రాసుకోండ్రి, పిల్లలకు ఆ పేరుతోనే చెప్పుండ్రి.

మీ తాత మొన్నమొన్నటిదాక జీతమున్నడంటే 1976 వెట్టిచాకిరి రద్దు చట్టం కింద ఇచ్చిన విడుదల సర్టిఫికెట్ల కోసం కలెక్టరేట్‌ల అడుగుండ్రి, ఆ చట్టంల భాగేలా, వెట్టి రెండూ పేరు పెట్టి రాసి ఉన్నయి. నల్లగొండ, పాలమూరు 2016ల ముక్కలయినయి గనుక మీ ఊరి పాత తాలూకా ఏదో ముందు చూసుకోండ్రి, జనగాం కూడ ఒకప్పుడు నల్లగొండలనే ఉండె. ఏ కాయితం ఫోటో తీసినా దాని ఫైలు నంబరు, పేజీ నంబరు అప్పటికప్పుడే రాసుకోండ్రి, రెండోసారి పోతే ఆ బస్త ఎక్కడ పెట్టిన్రో వాళ్లకు కూడ యాదికుండదు.