ఇంటి పనిలో భర్త వంతు: ఇడ్లీ పిండితో మొదలుపెట్టడం ఎలా

విజయవాడలోనైనా గుంటూరులోనైనా, ఇద్దరూ ఉద్యోగానికి వెళ్లే ఇళ్లలో కూడా సాయంత్రం ఇంటికి రాగానే భార్య చేతిసంచి పక్కన పెట్టి నేరుగా వంటగదిలోకి వెళుతుంది. కాసేపటికి భర్త గుమ్మం దగ్గర నిలబడి "ఏమైనా సాయం చేయనా?" అని అడుగుతాడు. వినడానికి మర్యాదగానే ఉన్నా, ఏ పని మిగిలిందో చూసి, దానిని అప్పగించి, అయ్యాక సరిగా ఉందో లేదో చూసుకునే భారం ఆ ప్రశ్నతో మళ్లీ ఆమె మీదనే పడుతుంది. కాబట్టి ముందుగా మానుకోవలసినది ఆ ప్రశ్ననే. దానికి బదులు ఏదో ఒక పనిని, సరుకు తెచ్చుకోవడం నుంచి గిన్నె కడిగి బోర్లించడం వరకు, పూర్తిగా మీ వంతుకు తీసుకోండి.

కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటి పనులు చేసే స్త్రీలు వాటికి రోజుకు సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఆ రోజు ఏదో ఒక ఇంటి పని చేసినవారి సగటు మాత్రమే ఇది. ఏ పనీ చేయని మగవారు ఈ 88లో లెక్కకే రాలేదు.

మొదటి పనిగా ఇడ్లీ పిండిని తీసుకోమని నా సలహా. మన ఇళ్లలో వారానికి రెండుసార్లు తప్పని పని ఇది, పైగా దీనికి చేతి నైపుణ్యం కంటే జ్ఞాపకం ఎక్కువ కావాలి. గ్లాసు మినపగుళ్లకు రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ కొలత సరిపోతుంది. మినపగుళ్లను కడిగి నాలుగు గంటలు నానబెట్టాలి. అంటే సాయంత్రం ఏడింటికి రుబ్బాలంటే మధ్యాహ్నం మూడింటికే పప్పు నీళ్లలో పడాలి, ఆఫీసు ఉన్న రోజు ఉదయం బయలుదేరే ముందే నానబోసి ఫ్రిజ్‌లో పెట్టాలి. ఆ సంగతి భార్య గుర్తు చేస్తే తప్ప మీకు తోచకపోతే, పనిలో సగం ఇంకా ఆమే చేస్తున్నట్టు. పప్పును కొద్ది కొద్దిగా నీళ్లు చిలకరిస్తూ నురగలా పొంగేదాకా రుబ్బి, రవ్వను రెండు మూడుసార్లు కడిగి గట్టిగా పిండి అందులో కలిపి, పొంగడానికి సగం ఖాళీ ఉండే గిన్నెలోకి తీయాలి. మే నెలలో బెజవాడ ఎండలకు పిండి ఐదారు గంటల్లోనే పొంగి, తెల్లవారేసరికి పులిసిపోతుంది గనుక పడుకునే ముందు ఒకసారి చూసి ఫ్రిజ్‌లో పెట్టాలి. డిసెంబరులో రాత్రంతా బయటే ఉంచాలి. గ్రైండరును మాత్రం అప్పటికప్పుడే కడగండి, ఎండిన పిండి గీకినా ఒక పట్టాన వదలదు. డబ్బాలో మినపగుళ్లు అడుగంటుతున్నాయని గమనించి కొని తెచ్చే బాధ్యత కూడా ఇందులో భాగమే.

ఆదివారం కోడికూర గురించి ఒక మాట చెప్పాలి. చాలామంది మగవారు దానిని ఉత్సాహంగా వండుతారు, రుచిగానే వండుతారు, చుట్టాలు మెచ్చుకుంటారు కూడా. అయితే గట్టు మీద నూనె మరకలు, మసాలా అంటిన మిక్సీ జారు, సింకు నిండా గిన్నెలు వదిలి బయటికి వచ్చేస్తే ఆమెకు సెలవు దొరకలేదు, వంట స్థానంలో అంట్లు వచ్చాయంతే. వండినవారే తోమాలని ఇంట్లో ఒక నియమం పెట్టుకోండి; పనిమనిషి రాని రోజున దాని విలువ మీకే తెలుస్తుంది.

కూరగాయల సంగతీ అంతే. పటమట రైతుబజారులో ధరల బోర్డు చూసి బేరం లేకుండా కొనుక్కు రావడం సులువు, నాలుగు కట్టల గోంగూరను ఆకు ఆకు గిల్లి, ఇసుక పోయేదాకా మూడు నీళ్లలో కడగడమే ఓపిక పట్టే పని. సంచిని వంటగదిలో దించడంతో మీ వంతు తీరినట్టు కాదు.

మొదటి నెలలో ఇడ్లీలు రాళ్లలా రావచ్చు. పోపుల పెట్టె ఎక్కడుంది, ఉప్పు ఎంత వేయాలి అని రోజూ కేకేసి అడగకుండా, ఒకసారి ఆమె చేసేటప్పుడు పక్కన నిలబడి చూసి కాగితం మీద రాసుకోండి. ఆమె కూడా మీరు కడిగిన గిన్నెను మళ్లీ కడగకుండా ఓర్చుకోవాలి, ఇది చెప్పినంత తేలిక కాదు.

ఇంట్లో అమ్మగారు ఉంటే "మగవాడివి, నీకెందుకురా ఈ పనులు?" అనే మాట తప్పక వస్తుంది. దానికి జవాబు మీరే ఇవ్వాలి. భార్య నోరు విప్పితే కోడలు పని చేయిస్తోందన్న నింద ఆమెకే చుట్టుకుంటుంది. "అమ్మా, పిండి నా పని, ఇడ్లీ ఎలా వచ్చిందో తిని చెప్పు" అని పళ్లెం ఆవిడ ముందు పెట్టండి. ఆవిడ కొలత మీ కొలతకంటే మంచిదైతే అది నేర్చుకోండి, తరువాతి రెండు నెలల్లో రాత్రి అంట్లను కూడా మీ వంతులో చేర్చుకోండి.